ఏడో ప్రశ్న

బ్రాడీపేట నాలుగో లైనులో, ఏసీ గదిలో
ఒక్క మాట కోసం ముగ్గురం పదకొండు రోజులు వెతికాం.
ఒత్తిడి అని రాశాం. కొట్టేశాం.
మానసిక ఆందోళన అన్నాను.
కలెక్టరేట్ ముందు ధర్నాలా ఉందన్నారు సంజీవరావు గారు.
చివరికి మళ్లీ ఒత్తిడికే వచ్చాం,
ఊరంతా తిప్పి ఎక్కిన చోటే దింపిన ఆటోలా.

మిర్చి యార్డు దాటాక, కోల్డ్ స్టోరేజీ వెనక
తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య
ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని చతికిలబడ్డాను.
ముందు తుమ్ములు.
తుమ్ములు అయ్యాకే మొదటి ప్రశ్న:
గత నెల రోజుల్లో మీకు ఎంత తరచుగా
ఒత్తిడిగా అనిపించింది?

దానమ్మ చేతులు ఆగలేదు.
"ఒత్తిడంటే పత్తి మిల్లులో బేళ్లకి గందమ్మా.
మా ఆయన ఆ ప్రెస్సు కాడే చేసేవోడు.
ఇప్పుడు మనుషులకి గూడా పెడతన్నారా?"
అందరూ నవ్వారు.
నేను నవ్వొచ్చో లేదో
నాకిచ్చిన పుస్తకంలో రాయలేదు.

తరచుగా అన్న మాట అక్కడ నిలబడలేదు.
నెలా నిలబడలేదు.
వాళ్లకి ఉన్నది శనివారం.
కూలి డబ్బులు చేతిలో పడిన శనివారం,
పడని శనివారం.

నాగూర్‌బీ కోసం ఉర్దూ కాగితం తీశాను.
హైదరాబాదు నుంచి వచ్చిన ఉర్దూ, ఇస్త్రీ మడత నలగనిది.
రెండు వాక్యాలు విని చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇది పెద్ద సాయిబులు మాట్లాడే ఉర్దూ.
మాది గిన్నెలు తోముకునే ఉర్దూ."
దిల్ ఘబరాతా అంది.
గుండె గాబరా గాబరా అంది.
రెండూ చాలలేదేమో,
ఎండుమిరపకాయలు గుప్పెట్లోకి తీసుకుని
గింజలు రాలేదాకా నలిపి చూపించింది.

సున్నా నుంచి నాలుగు దాకా ఐదు గడులు.
ఆ గుప్పెటకి ఎక్కడ టిక్కు పెట్టను?

పరిస్థితులు మీ అదుపులో ఉన్నాయని అనిపించిందా?
"అదుపు మేస్త్రి కాడుంటది. అడిగి రానా?"

ఐదోది తలకిందుల ప్రశ్న, సంతోషం గురించి.
దీనికి మార్కులు తిప్పి వేసుకోవాలి.
బానే ఉన్నాం, చల్లగా ఉన్నాం అన్నారు,
అందరిదీ ఒకటే గొంతు.
ఇంటికొచ్చిన మనిషితో బాగోలేదంటారా ఎవరైనా?
మా అమ్మ ఐసీయూలో మాస్కు పక్కకి జరిపి
డాక్టరు గారిని అన్నం తిన్నారా అని అడిగింది.
ఈ లెక్కన గుంటూరు మొత్తానికీ
హాయిగా ఉన్నది ఈ రేకుల షెడ్డే.

ఏడో ప్రశ్న.
మీ సమస్యలు మీ శక్తికి మించిపోయాయని
ఎన్నిసార్లు అనిపించింది?

దానమ్మ చేతులు ఆగాయి.
"మిల్లు మూసేసి ఆరేళ్లు.
ఆయన పోయి నాలుగు.
రాత్రి పడుకుంటే ఆ ప్రెస్సు దిగే చప్పుడు ఇనపడద్ది తల్లీ.
దిగుద్ది. ఆగుద్ది.
లేవదు."

నేను అడగాలి కాబట్టి అడిగాను:
ఎన్నిసార్లు?

నా మొహంలోకి చూసింది, కోపంగా కాదు.
"లెక్కెట్టాలా అయి గూడా?"
ఇంతలో మేస్త్రి కేక. ఇంకో టిక్కీ దిమ్మరించారు.
ఎర్రటి దుమ్ములో ఆమె కనపడలేదు కాసేపు.

సాయంత్రం ఆఫీసులో
మా తెలుగుని తిరిగి ఇంగ్లీషు చేసిన కాగితం వచ్చి ఉంది.
చేసినమ్మాయికి అసలు ప్రశ్నలు చూపించలేదు, పద్ధతి అది.
ఒత్తిడి దగ్గర ఆ పిల్ల
దేన్నో యంత్రంతో అదమడం అని రాసింది.
సంజీవరావు గారు ఎర్ర సిరాతో చుట్టారు. తప్పు.
తప్పు కాదేమోనండీ అన్నాను.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

ముప్పై రెండో ఫారం, ఏడో గడి ఖాళీ.
"జవాబు లేకపోతే తొమ్మిది కొట్టమ్మా."

తొమ్మిది కొట్టాను.
మూడుసార్లు కడుక్కున్న చేత్తోనే
పొరపాటున కన్ను నలుపుకున్నాను.